పైన చల్లే ఉప్పు మానేస్తే సరిపోదు

గుండెపోటు నుంచి కోలుకున్నవాళ్లను, స్టెంట్ వేయించుకున్నవాళ్లను, బైపాస్ అయినవాళ్లను ఉప్పు సంగతి అడిగితే హైదరాబాద్ పాతబస్తీలో తరచుగా వినిపించే జవాబు ఇది: "ఊపర్ కా నమక్ పూరా బంద్ కర్ దియా సాబ్." ఫలక్‌నుమాను, షంషేర్‌గంజ్‌ను ఆనుకుని ఉన్న జహనుమాలోనూ అదే మాట, అదే ధీమా. తెలుగు ఇళ్లలో అయితే "పచ్చి ఉప్పు ముట్టుకోవడమే లేదండీ" అంటారు. అన్నంలో కలుపుకునే ఉప్పు పోయింది, మజ్జిగలో వేసుకునే చిటికెడు పోయింది, పళ్లెం అంచున పెట్టుకునేదీ పోయింది. మంచిదే. కానీ పొయ్యి మీద ఉడుకుతున్న ఖట్టీ దాల్‌లో, పక్క గిన్నెలో మరుగుతున్న సాలన్‌లో పడే ఉప్పు మాత్రం జబ్బు రాకముందు ఎంతో ఇప్పుడూ అంతే.

రోగి డాక్టరు మాట వినలేదని అనేయడం తేలిక. వినకపోవడమేం, విన్నాడు. విన్నది విన్నట్టే పాటిస్తున్నాడు. కిక్కిరిసిన ఓపీలో ఒక్కో రోగికి దొరికే రెండు మూడు నిమిషాల్లో మందుల మార్పు, ఈసీజీ, వచ్చే తేదీ అన్నీ చెప్పాక ఉప్పుకు మిగిలేది ఒక్క వాక్యం. ఆ వాక్యం "పైన ఉప్పు వేసుకోవద్దు" అయితే ఇంటికి చేరేదీ అంతే. దానికి తోడు వండిన ఉప్పు "చచ్చిపోతుంది", పచ్చి ఉప్పే రక్తపోటు పెంచుతుంది అనే నమ్మకం తరాలుగా ఉంది. ఇందులో రవ్వంత నిజం లేదు. సోడియం క్లోరైడు కరిగి ద్రవం కావాలంటేనే 801 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. మన కూర వంద డిగ్రీల దగ్గర ఉడుకుతుంది. గంటసేపు ఉడికినా, రాత్రంతా సన్నటి సెగ మీద నిహారీలా మరిగినా వేసిన ఉప్పు వేసినట్టే ఉంటుంది. కంటికి కనపడకుండా నీటిలో కలిసిపోతుంది, అంతే.

పైన చల్లే ఉప్పు మీద అంత పట్టుదల అమెరికా వంటి చోట్ల కూడా పెద్దగా పనికిరాదు. అక్కడ తినే సోడియంలో దాదాపు 70 శాతం డబ్బా ఆహారం నుంచి, హోటళ్ల నుంచి వస్తుందని 2017లో వచ్చిన ఒక అధ్యయనం లెక్క తేల్చింది. మన దగ్గర కథ వేరు. మన ఉప్పులో అధిక భాగం ఇంటి వంటగదిలోనే, వండేటప్పుడే పడుతుంది. పరాయి దేశాల సలహా తెచ్చి "చిప్స్ తినకండి, బయటి తిండి మానండి" అని చెబితే జహనుమాలో రోజూ రెండు పూటలా ఇంటి భోజనం చేసే అరవై ఏళ్ల రోగి "నేను ఇవేవీ తిననుగా" అని నిశ్చింతగా ఉంటాడు.

తెలుగువాళ్లం ఎంత తింటున్నామో ఊహించాల్సిన పని లేదు, కొలిచిన లెక్క ఉంది. ఢిల్లీ-హర్యానాల్లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కలిపి 1,395 మందిని పరిశీలించిన అధ్యయనం ఒకటి 2017లో అచ్చయింది. తిన్న ఉప్పు ఎంతని వాళ్లను నోటితో అడిగి ఊరుకోలేదు, 24 గంటల మూత్రం సేకరించి కొలిచారు. మనం తినే సోడియంలో దాదాపు తొంభై శాతం మూత్రంలోనే బయటికి పోతుంది కాబట్టి ఇంతకంటే నమ్మదగిన కొలత లేదు. ఉత్తరాదిన సగటు రోజుకు 8.59 గ్రాములు తేలితే మన వైపు 9.46 గ్రాములు తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 5 గ్రాములు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లోనూ అదే 5 గ్రాములు. అంటే ఒక చిన్న చెంచా, అది కూడా తల కొట్టిన చెంచా. రోజు మొత్తం మీద, అన్ని పూటలూ కలిపి. మనం తింటున్నది దానికి దాదాపు రెట్టింపు. ఇది మామూలు జనం సగటు, గుండె జబ్బు వచ్చాక అదే వంటగది అదే కొలతతో నడిస్తే ఏమవుతుందన్నదే అసలు విషయం.

ఉప్పు అనగానే అందరికీ బీపీ గుర్తొస్తుంది. బీపీ సంగతి నిజమే. ఫెంగ్ హే, గ్రాహం మెక్‌గ్రెగర్ బృందం 2013లో ఎన్నో పరిశోధనల ఫలితాలను కలిపి చూసి, రోజుకు 4.4 గ్రాముల ఉప్పు తగ్గిస్తే బీపీ ఉన్నవాళ్లలో పై అంకె 5.4, కింది అంకె 2.8 మేరకు తగ్గుతాయని చూపించింది. మన 9.46 నుంచి 5కి రావాలంటే తగ్గించాల్సింది దాదాపు అంతే. కానీ గుండె బలహీనపడి, రక్తాన్ని తోసే శక్తి తగ్గిపోయినవాళ్లకు బీపీ కంటే పెద్ద గొడవ ఇంకొకటి ఉంది. అది నీరు.

ఆసుపత్రిలో ఎక్కించే మామూలు సెలైన్‌లో లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన రక్తం ఉప్పదనానికి సరితూగే పాళ్లు అవి. ఒంట్లో ఉప్పూ నీరూ ఆ పాళ్లను దాటనివ్వకుండా మెదడు, మూత్రపిండాలు రాత్రింబగళ్లు కాపలా కాస్తాయి. ఉప్పు ఎక్కువైతే దాహం వేస్తుంది, నీళ్లు తాగుతాం, మూత్రపిండాలు ఆ రెంటినీ కలిపి బయటికి పంపేస్తాయి. ఆరోగ్యవంతుడిలో ఈ పని ఎంత సాఫీగా జరుగుతుందంటే, మూత్రపిండాలు రోజూ దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి, అందులో కిలోన్నర దాకా ఉప్పు ఉంటుంది. దాన్నంతా వెనక్కి పట్టుకుని, ఆ రోజు తిన్నంత మేరకు మాత్రమే, అంటే నూటికి ఒక వంతు కూడా లేని ఉప్పును మూత్రంలోకి వదులుతాయి.

గుండె నీరసించినప్పుడు ఈ లెక్క తప్పుతుంది. గుండె సరిగా తోయకపోతే మూత్రపిండాలకు చేరే రక్తం తగ్గుతుంది. ఒంట్లో నీరు నిండుగా ఉన్న సంగతి వాటికి తెలియదు. రక్తం తగ్గింది కాబట్టి ఎక్కడో గాయమై కారిపోయిందో, ఒళ్లు ఎండిపోతుందో అన్నట్టు స్పందిస్తాయి. రెనిన్ అనే పదార్థాన్ని వదులుతాయి. దాని వల్ల యాంజియోటెన్సిన్ తయారవుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. మూత్రపిండాల నెత్తిన ఉండే గ్రంథులు ఆల్డోస్టిరాన్‌ను విడుదల చేస్తాయి. ఆ హార్మోను ఆజ్ఞ ఒకటే, ఉప్పును పోనివ్వకు. ఉప్పు ఆగితే నీరు ఆగుతుంది. తొమ్మిది గ్రాముల ఉప్పు ఒంట్లో చిక్కుకుంటే లీటరు నీరు చిక్కుకున్నట్టే, తూకంలో కిలో పెరిగినట్టే. తెలుగు నేల మీద సగటు మనిషి ఒక్క రోజులో తినే ఉప్పు అంత ఉంది.

పట్టుబడిన నీరు పగలంతా కాళ్లలోకి దిగుతుంది. సాయంత్రానికి చీలమండల దగ్గర వేలితో నొక్కితే గుంట పడుతుంది, చెప్పు పట్టీ అచ్చు కనిపిస్తుంది. రాత్రి పడుకోగానే ఆ నీరు తిరిగి రక్తంలోకి చేరి గుండె మీద, ఊపిరితిత్తుల మీద భారం వేస్తుంది. అందుకే ఇలాంటి రోగులు అర్ధరాత్రి ఆయాసంతో ఉలిక్కిపడి లేచి కూర్చుంటారు. ఒక దిండు చాలేవాళ్లు రెండు, మూడు పెట్టుకుంటారు. ఇంట్లోవాళ్లు "గ్యాస్ పట్టేసింది" అనుకుని సోడా పొడి కలిపి తాగిస్తారు. ఇక్కడే నా భయం. ఆ పొడిలో ఉండేది ప్రధానంగా సోడియం బైకార్బనేట్, దాని బరువులో 27 శాతం సోడియమే. చెంచాడు వంటసోడాలో ఉన్న సోడియం దాదాపు మూడు గ్రాముల ఉప్పులో ఉన్నంత. ఒంట్లో ఉప్పూ నీరూ నిండి ఊపిరాడని మనిషికి మళ్లీ సోడియమే పోస్తున్నారన్నమాట.

నీటి మాత్రల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పేషాబ్ కీ గోలీ అని పాతబస్తీలో పిలిచే ఫ్యూరోసెమైడ్ గుండె రోగుల్లో ఎందరికో ప్రాణాధారం. దాని ధైర్యంతో "మాత్ర ఉందిగా, కాస్త ఊరగాయ తింటే ఏమవుతుంది" అనుకునేవాళ్లూ చాలామంది. ఏమవుతుందో 1983లో విల్‌కాక్స్ అనే శాస్త్రవేత్త బృందం ఆరోగ్యవంతుల మీదే పరీక్షించి చూపింది. మాత్ర ప్రభావం ఆరు గంటల్లో దిగిపోతుంది. ఆ ఆరు గంటల్లో ఉప్పు బాగా పోతుంది, సందేహం లేదు. తర్వాతి పద్దెనిమిది గంటలూ మూత్రపిండాలు పోగొట్టుకున్నదాన్ని రాబట్టుకోవడానికి ఉప్పును గట్టిగా బిగబట్టుకుంటాయి. రోజుకు దాదాపు 16 గ్రాముల ఉప్పు తిన్నవాళ్లలో రోజు ముగిసేసరికి లెక్క సమానమైపోయింది, మాత్ర వేసుకున్నా ఒంట్లో ఉప్పు తగ్గలేదు. గ్రాము, గ్రాముంపావు మాత్రమే తిన్నవాళ్లలో తగ్గింది, తగ్గినట్టే నిలిచింది. ఉప్పు కట్టడి లేకుండా నీటి మాత్ర వేసుకోవడం ఒక చేత్తో తోడి ఇంకో చేత్తో పోయడమే.

అయితే ఉప్పు ఎంత తగ్గిస్తే అంత మేలని కూడా అనుకోకూడదు. గుండె వైఫల్యం ఉన్న 806 మందితో కెనడా నాయకత్వంలో ఆరు దేశాల్లో జరిగిన పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. సోడియాన్ని రోజుకు 1,500 మిల్లీగ్రాముల లోపు, అంటే ఉప్పులో నాలుగు గ్రాముల లోపు ఉంచాలని ఒక వర్గానికి భోజన పట్టికలు ఇచ్చారు. ఏడాది తర్వాత చూస్తే మరణాలు, ఆసుపత్రి పాలవడాలు రెండు వర్గాల్లోనూ దాదాపు సమానంగానే ఉన్నాయి. ఆయాసం, నీరసం తగ్గి బతుకు కాస్త సుఖపడినవాళ్లు మాత్రం ఉప్పు తగ్గించిన వర్గంలోనే ఎక్కువ. దీన్ని పట్టుకుని "ఉప్పు తగ్గించినా లాభం లేదని తేలిపోయింది" అని ప్రచారం చేసినవాళ్లున్నారు. వాళ్లు చెప్పకుండా వదిలేసిన సంగతి ఒకటుంది. ఆ పరీక్షలో భోజన పట్టికలు లేకుండా మామూలు సలహా మాత్రమే అందుకున్న రెండో వర్గం వారి సోడియం కూడా రోజుకు 2,100 మిల్లీగ్రాముల దగ్గరే ఉంది, ఉప్పులో అయిదు గ్రాముల చిల్లర. అంటే మనం ఏ గమ్యానికి చేరాలని తపిస్తున్నామో అక్కడ మొదలైనవాళ్లు వాళ్లు. అయిదు నుంచి నాలుగుకు దిగితే కొత్తగా ప్రాణాలు నిలవకపోవచ్చు. తొమ్మిదిన్నర నుంచి అయిదుకు దిగాల్సిన మనకు ఆ ఫలితం అభయం ఇవ్వదు. తిండి సహించని ముసలివాళ్లకు పూర్తిగా చప్పిడి కూడు పెట్టి ఆకలి చంపేయడమూ ప్రమాదమే అని మాత్రం మరచిపోకూడదు.

ఇక జహనుమా పళ్లెంలోకి వద్దాం. పొద్దున ఖిచిడీ, ఖీమా, ఖట్టా. మూడింటిలోనూ విడివిడిగా ఉప్పు ఉంది. పక్కన వేయించిన అప్పడం. పది గ్రాముల అప్పడం ఒక్కదానిలోనే అర గ్రాముకు దగ్గరగా ఉప్పు ఉంటుంది, పిండిలో కలిపే అప్పడాల కారం సోడియం లవణమే. ఇరానీ చాయ్‌లో ముంచుకునే ఉస్మానియా బిస్కెట్ పేరుకు తీపి, దాని రుచంతా ఆ తీపి వెనక తగిలే ఉప్పులో ఉంది. ఆదివారం పొద్దున నిహారీ, పాయా తెచ్చుకుంటే ఆ రసమంతా ఉప్పునీరే. దానితో తినే కుల్చా పిండిలోనూ ఉప్పు పడుతుంది. బిర్యానీకి బియ్యం ఉడికించే ఎసట్లో గుప్పిళ్లకొద్దీ వేస్తారు, వార్చేటప్పుడు కొంత పోయినా, మాంసానికి ముందే పట్టించిన ఉప్పు ఎక్కడికీ పోదు. బక్రీద్ తర్వాత మిగిలిన మాంసానికి ఉప్పూ పసుపూ రాసి దారాలకు గుచ్చి మిద్దె మీద ఎండబెట్టుకుంటారు. ఆ సూఖా గోష్త్ దాల్చాలో పడ్డప్పుడు వంటావిడ విడిగా వేసే ఉప్పుకు ఇది అదనం. రంజాన్‌లో ఇఫ్తార్ పళ్ల ముక్కల మీద చల్లే చాట్ మసాలా, నల్లుప్పు సంగతి ఎవరికీ లెక్కలోకే రాదు. ఆ నెలలో ఉపవాసం ఉండదలచిన గుండె రోగి నీటి మాత్ర ఏ వేళ వేసుకోవాలో నెల మొదలుకాక ముందే డాక్టరును అడిగి తెలుసుకోవాలి, సహరీలో ఉప్పు తింటే పగలంతా దాహంతో అల్లాడాల్సిందే.

అదే వీధిలోని తెలుగు ఇంట్లో పేర్లు మారతాయి, ఉప్పు మారదు. ఆవకాయలో బరువుకు పదో వంతు, ఆపైన కూడా ఉప్పు ఉంటుంది. అంత లేకపోతే ఏడాది నిలవ ఉండదు. ఇరవై గ్రాముల ఆవకాయ, అంటే ఒక ముక్కా కాస్త గుజ్జూ, రెండు గ్రాముల ఉప్పు. రోజు కోటాలో నలభై శాతం మొదటి ముద్దలోనే అయిపోయింది. ఊర మిరపకాయలు, వడియాలు, ఎండు చేపలు, మిక్స్చర్, జంతికలు వాటి వెనకే వస్తాయి. కొన్న పొట్లాల మీద ఉప్పు అని రాయరు, సోడియం ఇన్ని మిల్లీగ్రాములు అని రాస్తారు. ఆ అంకెను రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు లెక్క వస్తుంది. వంద గ్రాముల్లో 800 మిల్లీగ్రాముల సోడియం అని ఉంటే అందులో రెండు గ్రాముల ఉప్పు ఉన్నట్టు.

ఇంత చెప్పినా, రోగికి ఇదంతా కంఠతా వచ్చినా, వంటగదిలో ఏమీ మారకపోవచ్చు. ఎందుకంటే తినేది రోగి, వండేది వేరొకరు. ఓపీకి రోగి వెంట కొడుకో అల్లుడో వస్తాడు. సలహా విని తలూపేది అతనే. కూరలో ఉప్పు వేసేది ఇంట్లో ఉన్న భార్య, లేదా కోడలు. ఆమె చేతికి కొలత చెంచా కాదు, అందాజ. ఏళ్ల తరబడి ఆ చెయ్యి అదే గుప్పెడుకు అలవాటు పడింది. పదిమంది ఉన్న ఇంట్లో ఉప్పు తగ్గిస్తే మొదట వినిపించేది పిల్లల గొంతు, తర్వాత పెద్దవాళ్ల విసుగు. అబ్బాకు విడిగా వండుదామంటే రెండు పొయ్యిల పని, గ్యాసు ఖర్చు. పైగా ఆయన ఒక్కడే చప్పిడి తింటూ పక్కవాళ్ల గిన్నెల వైపు చూడాలి. వారం తిరక్కుండానే ఆ ఏర్పాటు మూలన పడుతుంది. ఇందులో ఆ ఇల్లాలిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఎంత తగ్గించాలో ఆమెకు ఎవరూ అంకెతో చెప్పలేదు.

ఆమె చేతికి ఇవ్వదగిన కొలత ఒకటుంది, ఖర్చు లేనిది. కిలో ఉప్పు ప్యాకెట్ తెరిచిన రోజున దాని మీద తేదీ రాయాలి. అయిదుగురు పెద్దవాళ్లున్న ఇంట్లో మనిషికి అయిదు గ్రాముల చొప్పున రోజుకు 25 గ్రాములు, కిలో 40 రోజులు రావాలి. మన సగటు 9.46 గ్రాములన్నీ ఆ ప్యాకెట్ నుంచే వస్తే అది 21 రోజులకే ఖాళీ. నిజానికి అప్పడం, బిస్కెట్, బయటి తిండి ద్వారా రోజుకో గ్రాము వేరే దారిన వస్తుంది కాబట్టి, ప్యాకెట్ 50 రోజులు నిలిస్తేనే ఆ ఇల్లు హద్దులో ఉన్నట్టు. ఊరగాయలకు, బిర్యానీ ఎసరుకు వాడిన ఉప్పు విడిగా గుర్తుంచుకుంటే చాలు. ఈ లెక్కకు రక్త పరీక్ష అక్కర్లేదు, చదువు పెద్దగా అక్కర్లేదు. మొదటి ప్యాకెట్ 22 రోజులు వస్తే రెండోది 26, మూడోది 30 రోజులు వచ్చేలా చూడండి. అంత నెమ్మదిగా తగ్గితే ఇంట్లో ఎవరి నాలుకా పెద్దగా పసిగట్టదు.

నాలుక నిజంగానే మారుతుంది. తక్కువ సోడియం తిండిని ఐదు నెలలు తిన్న యువకుల మీద 1982లో బెర్టినో, బోషాంప్ బృందం పరిశోధన చేసింది. మొదట్లో చప్పగా అనిపించిన పాళ్లే వాళ్లకు తర్వాత ఇష్టమయ్యాయి, పాత పాళ్లు ఉప్పగా తోచాయి. ఆ మధ్యకాలం దాటించడానికి మన వంట కంటే అనువైనది ఇంకొకటి ఉండదేమో. చింతపండు, నిమ్మ, పచ్చిమామిడి, అల్లం, వెల్లుల్లి, పుదీనా, కరివేపాకు, పచ్చిమిర్చి మన చేతిలో ఉన్నాయి. ఖట్టీ దాల్‌లో పులుపు కాస్త పెంచి పోపు ఘాటుగా పెడితే తగ్గిన ఉప్పు చాలావరకు తెలియదు. ఉప్పు మొత్తం ముందే వేయకుండా సగం వేసి దించి, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కావాలంటే పళ్లెంలో కలుపుకునేలా చేస్తే ఒకే గిన్నె ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. అయినా గుండె జబ్బు వచ్చిన మనిషి పిల్లలకు కూడా ఆ ముప్పు ఎక్కువే, కాబట్టి ఇల్లంతా తగ్గించుకోవడమే నా ఓటు.

ఈ మధ్య గులాబీ రంగు హిమాలయ ఉప్పు, సైంధవ లవణం పేరిట డబ్బు వదిలించుకునేవాళ్లు పెరిగారు. వాటిలోనూ దాదాపు అంతా సోడియం క్లోరైడే, రంగు ఇచ్చే ఖనిజాలు లెక్కకు రానంత. పైగా వాటిలో చాలావాటికి అయోడిన్ కలపరు. "లో సోడియం" ఉప్పు అలా కాదు, దానికి నిజమైన బలం ఉంది. చైనాలో 600 గ్రామాల్లో దాదాపు 21 వేల మందితో చేసిన పరీక్షలో, ఉప్పులో నాలుగో వంతు పొటాషియం క్లోరైడు కలిపి వాడినవాళ్లలో పక్షవాతాలు 14 శాతం, మరణాలు 12 శాతం తగ్గాయని 2021లో తేలింది. కానీ గుండె రోగి దాన్ని సొంతంగా కొనుక్కోకూడదు. స్పైరొనోలాక్టోన్, రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటి మందులు ఒంట్లో పొటాషియంను నిలబెడతాయి. మూత్రపిండాలు దెబ్బతిన్నా అంతే. పొటాషియం హద్దు దాటితే గుండె లయ తప్పి ఆగిపోగలదు. గుండె రోగుల్లో చాలామంది ఈ మందులే వాడుతుంటారు. డాక్టరు రక్త పరీక్ష చూసి సరేనంటేనే ఆ ప్యాకెట్ ఇంట్లోకి రావాలి.

ఇంకో చిక్కు కూడా ఇళ్లలో మాటిమాటికీ ఎదురవుతుంది. రిపోర్టు వస్తుంది, "సోడియం పడిపోయింది" అంటారు. వెంటనే ఇంట్లోవాళ్లు మజ్జిగలో ఉప్పు వేసి తాగించడం మొదలుపెడతారు. రక్తంలో సోడియం 135 నుంచి 145 మధ్య ఉండాలి, నిజమే. కానీ ఆ అంకె ఒంట్లో ఉన్న మొత్తం ఉప్పును చెప్పదు, ఉప్పుకూ నీటికీ ఉన్న పాళ్లను చెబుతుంది. గుండె వైఫల్యంలో అది తగ్గిందంటే చాలాసార్లు ఉప్పు తక్కువై కాదు, నీరు ఎక్కువై పలచబడి. అప్పుడు ఉప్పు పెడితే దాహం పెరిగి నీరు ఇంకా చేరుతుంది. కొన్ని మందుల వల్ల, వాంతులు విరేచనాల వల్ల సోడియం నిజంగా పోయే సందర్భాలూ ఉన్నాయి. ఏది ఏదో తేల్చడం డాక్టరు పని, వంటగది పని కాదు.

ప్రభుత్వం వైపు చూస్తే, ఈ విషయంలో మనకు లోటు డబ్బు కాదనిపిస్తుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదవాడి గుండె ఆపరేషన్‌కు దారి తెరిచింది. తెలంగాణలో దాని పరిమితి 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెరిగింది. 2018 నుంచి బస్తీ దవాఖానాలు వచ్చాయి. 2017లో దేశవ్యాప్త బీపీ నియంత్రణ కార్యక్రమం మొదలైన అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. బీపీ చూడటానికి, మాత్ర ఇవ్వడానికి మనిషి ఉన్నాడు. ఆ మనిషే ఉర్దూలోనో తెలుగులోనో "మీ ఇంట్లో ఎంతమంది, కిలో ఉప్పు ఎన్నాళ్లు వస్తోంది" అని అడిగి చీటీ వెనక రాయడానికి ఒక్క నిమిషం చాలు. డిశ్చార్జ్ కాగితం మీద ఇంగ్లిషులో "లో సాల్ట్ డైట్" అని రాయడం కంటే ఆ ఒక్క ప్రశ్న వెయ్యి రెట్లు పనికొస్తుంది. ఆసుపత్రులు ఈ పని రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు. రోగుల బంధువులకు కూడా ఒక మనవి. ఈసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు వంట చేసేవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లండి. ఉప్పు ఎన్ని గ్రాములు, నీళ్లు ఎంత తాగవచ్చు, ఏ ఉప్పు వాడాలి అనే మూడు ప్రశ్నలూ వాళ్ల చేతే అడిగించండి.

గుండె నీరసించిన మనిషి ఉన్న ఇంట్లో బరువు చూసే మిషన్ కూడా ఉండాలి. రోజూ పొద్దున మూత్రవిసర్జన అయ్యాక, ఏమీ తినకముందు, ఒకే రకం బట్టలతో తూచుకుని కాగితం మీద రాసుకోవాలి. తిండి పెరగకుండానే మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. కాళ్ల వాపు కోసమో, ఆయాసం కోసమో ఎదురుచూడకుండా ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయండి.